వీధి పిల్లులకు తిండి పెడితే ఇంటి పిల్లికి కోపం: ఏం చేయాలి?

ప్రశ్న: మా పండుకి నాలుగేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లి. కళ్లు కూడా తెరవని కూనగా మెట్ల కింద ఒంటరిగా దొరికితే తెచ్చి పెంచాను. ఇంతవరకూ గడప దాటలేదు. నా దిండు మీదే పడుకుంటాడు, నేను పక్కన కూర్చుంటే తప్ప ముద్ద ముట్టడు. రెండు నెలలుగా మా పెరట్లోకి వీధి పిల్లులు వస్తున్నాయి. చెవి చిరిగిన బూడిదరంగు గండుపిల్లి ఒకటి, చారల ఆడపిల్లి ఒకటి, దాని కూన ఒకటి. ఆకలితో అరుస్తుంటే చూడలేక వంటింటి కిటికీ కింద తిండి పెట్టడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి పండు మారిపోయాడు. పొద్దస్తమానం కిటికీలో కూర్చుని గుర్రుమంటాడు. కర్టెన్ మీద మూత్రం కొడుతున్నాడు. మొన్న కిటికీ దగ్గర నుంచి ఎత్తుకోబోతే రక్తం వచ్చేలా నా చెయ్యి కరిచాడు. మావారు ఆ కూనను లోపలికి తెచ్చేద్దాం, వీడికి తోడుంటుంది అంటారు. పక్కింటి పిన్నిగారు నువ్వే గారాబం చేసి చెడగొట్టావు, నాలుగు రోజులు బయట వదులు, దారికొస్తాడు అంటారు. వీడు పరుపు మీద పడుకుంటే అవి వానలో తడుస్తున్నాయని నాకు నిద్ర పట్టడం లేదు. తిండి పెట్టడం మానేయాలా?
పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మానేయకండి. పెట్టే చోటు మార్చండి. ఎక్కడికి, ఎలా అన్నది వివరంగా చెబుతాను కానీ, ముందు మీ చేతి సంగతి చూద్దాం.

పిల్లి కాటు పైకి చిన్నగా కనిపిస్తుంది. సన్నటి పళ్లు లోతుగా దిగి నోటిలోని బ్యాక్టీరియాను లోపలికి చేరుస్తాయి. పైన చర్మం తొందరగా మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. చేతి మీద కాటైతే ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే కీళ్లు, నరాలు అక్కడ చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. ఎర్రబడినా, వాచినా, వేళ్లు మడవడం కష్టంగా ఉన్నా ఈ ఉత్తరం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పండుకు రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో, బయటి పిల్లులతో ఎప్పుడైనా కలబడ్డాడో చెప్పండి. మీకు ఇంజెక్షన్లు కావాలో వద్దో వారు తేలుస్తారు. ఇకముందు ఏ పిల్లి కరిచినా, గీరినా వెంటనే సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. అది బయటి పిల్లి అయితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రేపు చూద్దాం అనుకోవద్దు.

వాడు మిమ్మల్ని కరిచింది మీ మీద కోపంతో కాదు. కిటికీ అవతల ఉన్న గండుపిల్లి మీద. పిల్లికి తన ఇల్లు తన ఇలాకా. బుగ్గలు తలుపు మూలలకు, కుర్చీ కాళ్లకు రాస్తూ తిరగడం మీరు చూసే ఉంటారు. బుగ్గల దగ్గర ఉండే గ్రంథుల వాసనతో ఇది నాది అని రాసుకుంటుంది. అలాంటి ఇంటి గోడ పక్కనే మరో మగపిల్లి వచ్చి రోజూ తిని పోతోంది. వాడికి కనిపిస్తోంది, వాసన తగులుతోంది, అద్దం అడ్డు కాబట్టి తరమడానికి లేదు. ఒళ్లంతా ఉద్రేకంతో బిగుసుకుపోయి ఉన్న ఆ క్షణంలో వెనక నుంచి ఎవరు తాకినా దాడి వారి మీదకు మళ్లుతుంది. మీరు కాకుండా మీవారు తాకినా, ఇంట్లో రెండో పిల్లి ఉండి అది పక్కకు వచ్చినా అదే జరిగేది. పశువైద్యులు చూసే పిల్లి కాట్లలో ఇది బాగా తెలిసిన రకం.

ఇకపై వాడి తోక ఉబ్బి, చెవులు వెనక్కి వాలి, కనుపాపలు పెద్దవై ఉన్నప్పుడు ఎత్తుకోకండి, నిమరకండి, కేకలు వేయకండి. దూరం నుంచే కర్టెన్ లాగి ఆ దృశ్యాన్ని మూసేయండి. అవసరమైతే మందపాటి దుప్పటో పెద్ద అట్టముక్కో అడ్డం పట్టి మెల్లగా చీకటిగా ఉన్న గదిలోకి నడిపించి, నీళ్లు, ఇసుక పెట్టె అక్కడే పెట్టి తలుపు వేయండి. కొన్ని పిల్లులు అరగంటలో చల్లబడతాయి. కొన్నిటికి ఒక రోజంతా పట్టవచ్చు. తనంతట తాను వచ్చి తిండి తిని, ఒళ్లు నాక్కుని, మామూలుగా చాచుకుని పడుకుంటే అప్పుడు మళ్లీ దగ్గరికి తీసుకోండి. శిక్షించడం వల్ల వాడికి తెలిసేది ఒక్కటే, ఆ గండుపిల్లి వచ్చినప్పుడల్లా అమ్మ కూడా భయంకరంగా మారుతుందని.

కర్టెన్ మీద మూత్రం కూడా ఇందులో భాగమే అనుకుంటున్నాను. నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ, నిలువుగా ఉన్న వాటి మీద కొద్దిగా చిమ్మితే అది సరిహద్దు గుర్తు. ఆపరేషన్ అయిన మగపిల్లుల్లో కూడా దాదాపు 10 శాతం ఇలా చేస్తాయి, బయట నుంచి పోటీ వచ్చినప్పుడు మరీనూ. కర్టెన్‌ను, గోడను మూత్రం వాసనను పోగొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో కడగండి. అమ్మోనియా ఉన్నవి వాడితే మూత్రం వాసనే గుర్తొచ్చి మళ్లీ అక్కడికే వస్తాడు. ఇంటి బయట గోడ, గుమ్మం, కిటికీ కింది భాగం కూడా కడగడం మర్చిపోకండి. ఆ గండుపిల్లి అక్కడ తన గుర్తు పెట్టే ఉంటుంది. లోపల ఎంత కడిగినా బయటి వాసన ఉన్నంత కాలం పండు దానికి జవాబు ఇస్తూనే ఉంటాడు.

అయితే ఒక విషయం మాత్రం టెన్షన్ పడాల్సినదే. వాడు ఇసుక పెట్టెలో కూర్చుని ముక్కుతూ, చుక్కలు చుక్కలుగా పోస్తూ, లేదా ఏమీ రాకుండా పదే పదే వెళ్లి వస్తూ ఉంటే, అరుస్తూ కింద నాక్కుంటూ ఉంటే ఒక్క గంట కూడా ఆగకండి. ఒత్తిడి వల్ల పిల్లుల మూత్రాశయం వాచిపోవచ్చు. మగపిల్లికి మూత్రనాళం సన్నం కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. అలా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. రాత్రి అయినా, సెలవు రోజైనా తీసుకెళ్లాలి. ఇప్పుడు అలాంటి లక్షణాలు లేకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించి, మూత్రం పరీక్ష చేయిస్తే మన ఊహ సరైనదో కాదో తేలిపోతుంది.

ఇక తిండి గిన్నె. వంటింటి కిటికీ కింద నుంచి ఇంట్లోని ఏ కిటికీలో నుంచీ కనపడని మూలకు మార్చండి. ఒక్కసారిగా మార్చితే బయటి పిల్లులు పాత చోటుకే వచ్చి కూర్చుంటాయి. రోజుకు కొన్ని అడుగులు జరుపుతూ పోండి, వెనకే వస్తాయి. వేళ కూడా ఒకటే ఉండాలి. పగటి వెలుగులో రోజుకు రెండుసార్లు పెట్టి, అరగంట తర్వాత మిగిలింది తీసేయండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉంచండి. వేళకు తిండి దొరుకుతుందని తెలిసిన పిల్లి మీ గోడ చుట్టూ పగలంతా తచ్చాడదు. పాలు పోయకండి. ఎదిగిన పిల్లుల్లో చాలా వాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి.

కిటికీ అద్దం కింది సగానికి బయటిది కనపడకుండా మసక స్టిక్కర్ అంటించండి. వెలుతురు వస్తుంది, పెరడు కనపడదు. కిటికీ పోయిందని పండు చిన్నబుచ్చుకోకుండా ఇంట్లో మరో వైపు, పక్షులో చెట్లో కనిపించే చోట, ఎత్తుగా ఒక కూర్చునే బల్ల ఏర్పాటు చేయండి. ఎత్తు మీద ఉన్న పిల్లి నిబ్బరంగా ఉంటుంది.

పిన్నిగారి మాటలో ఒక సగం నేను ఒప్పుకోను, మరో సగం గురించి ఆలోచిద్దాం. గారాబం వల్ల పండు చెడిపోలేదు. దిండు మీద పడుకున్నంత మాత్రాన ఏ పిల్లీ కరవడం నేర్చుకోదు. ఒళ్లో పెట్టుకున్నందుకు, ముద్దుగా పిలిచినందుకు మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పాల్సిన పని లేదు. కానీ మెత్తటి పరుపు, చేతి దాకా వచ్చే తిండి మాత్రమే ఉన్న పిల్లికి రోజంతా చేయడానికి పని ఉండదు. పుట్టుకతో అది వేటగత్తె. పొంచి ఉండటం, తరమడం, మీద పడటం, పట్టుకోవడం, తినడం, ఒళ్లు శుభ్రం చేసుకుని నిద్రపోవడం, ఈ వరుస దానికి నిండైన రోజు. ఆ పని లేకపోతే కిటికీ అవతలి గండుపిల్లే దాని ఏకైక ఉద్యోగం అవుతుంది. అందుకే పొద్దున, సాయంత్రం పది పదిహేను నిమిషాలు కర్రకు దారం కట్టి ఈకో గుడ్డముక్కో వేలాడదీసి ఆడించండి. ఎప్పుడూ దక్కనివ్వకుండా విసిగించకండి. చివర్లో పట్టుకోనివ్వండి, వెంటనే తిండి పెట్టండి. ఆ రోజు తిండిలో కొంత భాగం అట్టపెట్టెలకు కన్నాలు చేసి వాటిలో దాచితే వెతుక్కుని తింటాడు. మీరు పక్కన కూర్చోకపోతే తినని అలవాటు కూడా దీనితో మెల్లగా తగ్గుతుంది. అది తగ్గడం మంచిది, ఎందుకంటే ఏదో ఒక రోజు మీరు ఊరెళ్లాల్సి వస్తుంది. రెండు మూడు రోజులు పూర్తిగా తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

బయట వదలడం మాత్రం ఎంతమాత్రం వద్దు. నాలుగేళ్లు గడప దాటని పిల్లికి బయట ఏ గోడ ఎక్కాలో, ఎటు దాక్కోవాలో తెలియదు. ఆ గండుపిల్లికి ప్రతి అంగుళం తెలుసు. కొట్లాటలో పడిన కాట్లు చీము గడ్డలవుతాయి. రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్.ఐ.వి. అనే వైరస్ పిల్లి నుంచి పిల్లికి ఎక్కువగా లోతైన కాట్ల ద్వారానే వ్యాపిస్తుంది. రక్త క్యాన్సర్ తెప్పించగల ల్యుకీమియా వైరస్ అయితే కలిసి ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాక్కున్నా లాలాజలం ద్వారా అంటుకోవచ్చు. పైగా వాహనాలు. దారికి రావడం సంగతి అటుంచి, ఇంటికి దారి తెలియక తప్పిపోయే అవకాశమే ఎక్కువ. వాడికి గాలి, ఎండ కావాలనిపిస్తే నాలుగు వైపులా వల బిగించిన బాల్కనీ చాలు.

మీవారి మాట వెనక ఉన్న మంచి మనసు నాకు అర్థమవుతుంది. ఒంటరిగా ఉన్నాడు, తోడు కావాలి అని మనుషులుగా మనకు అనిపిస్తుంది. పిల్లి అలా ఆలోచించదు. దాని పూర్వీకులు ఒంటరిగా వేటాడిన అడవి పిల్లులు. వీధుల్లో గుంపుగా కనిపించే పిల్లులు కూడా ఎక్కువగా తల్లీకూతుళ్లు, అక్కచెల్లెళ్లు. తిండి దొరికే చోట కలిసి బతుకుతాయి, కొత్తవాటిని తరుముతాయి. పిల్లి కూన తోటి పిల్లులతో మెలగడం నేర్చుకునేది రెండో వారం నుంచి ఏడో వారం మధ్య, తల్లి దగ్గర, తోబుట్టువులతో కుస్తీ పడుతూ. పండు ఆ వారాలు మీ ఒళ్లో గడిపాడు. వాడికి మనుషులు బాగా తెలుసు, పిల్లులు తెలియవు. ఇప్పుడు ఇంటి బయట శత్రువున్నాడని ఒళ్లంతా మండిపోతున్న సమయంలో ఆ శత్రువు వాసన ఉన్న కూనను ఇంట్లో దింపితే అది తోడు అవ్వదు. కూన దెబ్బలు తింటుంది, పండు మంచం కిందికి చేరతాడు, మీ ఇద్దరి మధ్య మాటపట్టింపులు వస్తాయి.

ఎప్పటికీ వద్దు అనడం లేదు. పండు పూర్తిగా కుదుటపడ్డాక, అంటే మూత్రం చిమ్మడం ఆగి, కిటికీ సంగతి మరిచిపోయి కొన్ని నెలలు గడిచాక మీ ఇద్దరికీ ఇంకా ఆ కూన మీదే మనసుంటే అప్పుడు తీసుకోండి. ముందు డాక్టరు దగ్గర ల్యుకీమియా, ఎఫ్.ఐ.వి. పరీక్షలు, పురుగుల మందు, టీకాలు చేయించండి. కనీసం రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలు, వేరే ఇసుక పెట్టెతో ఉంచండి. మొదట ఒకరి పడక గుడ్డ ఇంకొకరికి ఇచ్చి వాసన అలవాటు చేయాలి. తర్వాత మూసిన తలుపుకు అటొకరు ఇటొకరు తినాలి. ఆ తర్వాతే సందులోంచి చూసుకోవడం. తొందరపడి మొదటి రోజే ముఖాముఖి పెట్టినవారు ఆ పొరపాటును నెలల తరబడి సరిదిద్దుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం. మీరు బయటి పిల్లులకు తిండి పెడుతున్నారు, కానీ ఉత్తరంలో ఎక్కడా వాటి ఆపరేషన్ మాట లేదు. ఆడపిల్లి నాలుగు నెలల వయసుకే ఎదకు రావచ్చు. గర్భం తొమ్మిది వారాలు. కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ కడుపుతో ఉండగలదు. అంటే మీరు కడుపు నిండా పెట్టే ఆ చారల తల్లి ఈ ఏడాదే ఇంకోసారి ఈనుతుంది, ఆ కూన ఆడదైతే అదీ ఈనుతుంది. పుట్టిన కూనల్లో చాలా వరకు జబ్బులతో, ఆకలితో పోతాయి. తిండి ఒక్కటే పెట్టి ఆపరేషన్ చేయించకపోతే మన దయ వాటి సంఖ్యను పెంచి, బాధను కూడా పెంచుతుంది. ఈ మాట కఠినంగా ఉంటే క్షమించండి, కానీ మీ నిద్రలేమికి అసలు మందు ఇక్కడే ఉంది.

వాటిని పట్టి, ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, తిరిగి అదే చోట వదలడం చాలా దేశాల్లో అమలులో ఉన్న పద్ధతి. వేరే చోట వదిలేస్తే అవి దారి తప్పుతాయి, ఖాళీ అయిన చోటుకు కొత్త పిల్లులు వస్తాయి. ముందుగా గండుపిల్లి చెవిని దూరం నుంచి గమనించండి. చెవి కొస తిన్నగా, సాఫుగా కోసినట్టు ఉంటే ఎవరో ఇప్పటికే ఆపరేషన్ చేయించిన గుర్తు అది. గజిబిజిగా చిరిగి ఉంటే కొట్లాటలో పోయింది. బుగ్గలు ఉబ్బి తల పెద్దదిగా కనిపిస్తుంటే ఆపరేషన్ కాని మగపిల్లి అనే అనుకోండి. దానికి చేయిస్తే కొన్ని వారాల్లో హార్మోన్లు తగ్గి మూత్రం చిమ్మడం, తిరుగుడు, కొట్లాటలు బాగా తగ్గుతాయి. పండు సమస్యకు ఇది కర్టెన్ ఉతకడం కంటే పెద్ద పరిష్కారం.

చేతులతో పట్టుకోవడానికి ప్రయత్నించకండి. మీ ప్రాంతంలో జంతు సంక్షేమ సంస్థ ఉంటే బోను వాళ్లే ఇస్తారు, పట్టడం కూడా చూపిస్తారు. మీరు వేళకు తిండి పెట్టడం ఇక్కడ పనికొస్తుంది. ముందు రోజు సాయంత్రం తిండి ఆపి, మర్నాడు అదే వేళకు బోనులో పెడితే వస్తాయి. తలుపు పడగానే బోను మీద దుప్పటి కప్పండి, చీకటి పడితే పిల్లి గింజుకోవడం మానేస్తుంది. పక్కింటి పిన్నిగారికి, చుట్టుపక్కల వారికి ముందే చెప్పి చేయండి. రాత్రిళ్లు అరుపులు, గోడల మీద వాసన తగ్గుతాయని తెలిస్తే వాళ్లే సాయం వస్తారు.

వాటి దగ్గరికి వెళ్లి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పెరట్లోకి వేరే చెప్పులు పెట్టుకుని గుమ్మం బయటే విడవండి. పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల పార్వో వైరస్ చెప్పులకు, బట్టలకు అంటుకుని ఇంట్లోకి రాగలదు. పరిసరాల్లో ఏడాది వరకు బతికి ఉండగలదు. పండు బయటికి పోడు కదా అని టీకాలు ఆపి ఉంటే ఈ వారమే వేయించండి. పెరటి పిల్లుల నుంచి ఒంటి పురుగులు, తామర కూడా రావచ్చు. తామర మనుషులకూ అంటుకుంటుంది. పురుగులకు మందు వేసేటప్పుడు ఒక్క జాగ్రత్త ప్రాణంతో సమానం. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ ఉన్న మందును పిల్లికి ఎన్నడూ వేయకండి, చచ్చిపోతుంది. పిల్లి మందే డాక్టరును అడిగి బరువుకు తగ్గట్టు వేయాలి. మీ ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉంటే ఇసుక పెట్టె, పెరటి మట్టి పనులు ఆ గర్భిణికి అప్పగించవద్దు.

వాన సంగతి. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెకు పిల్లి దూరేంత చిన్న కన్నం పెట్టి, నేలకు కొంచెం ఎత్తులో ఇటుకల మీద, గోడవారగా ఉంచండి. లోపల పాత దుప్పటి కాదు, ఎండిన వరిగడ్డి పరవండి. గుడ్డ తడిని పట్టి ఉంచి చలి పెంచుతుంది, గడ్డి పొడిగా ఉంటుంది. పండు పరుపు మీద పడుకోవడం వల్ల అవి తడవడం లేదు. వాడి సుఖం వాటి నుంచి లాక్కున్నది కాదు కాబట్టి వాడిని దూరం పెట్టి ఆ లెక్క సరిచేయాల్సిన అవసరమూ లేదు. లోపలి పిల్లి లోపల, బయటి పిల్లులు బయట, మధ్యలో తలుపు మూసే ఉంచి రెండు వైపులా బాధ్యత తీసుకోండి. మీరు చేయగలరని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

మీరు రాయని విషయాలు రెండు ఉన్నాయి. ఆ కూన వయసు ఎంత, తల్లి ఇంకా పాలిస్తోందా? డాక్టరు మొదట అడిగేవి అవే, ఎందుకంటే తల్లి ఆపరేషన్ ఎప్పుడు చేయాలి, కూనను మనుషులకు అలవాటు చేసే వయసు ఇంకా మిగిలి ఉందా అన్నవి వాటి మీదే ఆధారపడి ఉంటాయి. రేపు తిండి పెట్టేటప్పుడు కొంచెం గమనించి, వీలైతే ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లండి.